వెనక హాల్లో ఎవరు కూర్చుంటారు

అనంతపురం,
9 జూలై 2024

తాతకు,

ఫోన్లో స్పీకర్ పెడితే నా మాట వీధి చివరి సోమప్ప అన్నకు కూడా వినపడుతుందట, నీకు తప్ప. అవ్వ చెప్పింది. అందుకే ఇక మీదట ఉత్తరాలు రాస్తాను. నీ కళ్లు బాగున్నాయి. నాకు రాయడం ఇష్టం. ఈ మధ్య కొత్త మాట ఒకటి దొరికితే రోజంతా దాన్నే నోట్లో నానబెట్టుకుని తిరుగుతున్నాను. హాస్టల్లో నా గదిలో వాళ్లు దీనికి అలవాటు పడ్డారు.

ఈ వారం దొరికిన మాట "వినియోగదారుల పరిశోధన". అదేమిటో చెప్తాను.

మా కాలేజీ గ్రంథాలయంలో రెండు హాళ్లున్నాయి. ముందు హాల్లో బీరువాలు, దినపత్రికలు, గ్రంథాలయాధికారి శశికుమార్ సార్ ఉంటారు. వెనక హాల్లో అరవై కుర్చీలు, పొడవాటి బల్లలు, ఆరు ఫ్యాన్లు ఉంటాయి. ఐదు తిరుగుతాయి. ఆ వెనక హాలును ఎవరూ వాడటం లేదని ఎవరో ప్రిన్సిపాల్ సార్ చెవిన వేశారు. అదే నిజమైతే దాన్ని మూసేసి, ఆన్‌లైన్ పరీక్షల కోసం కంప్యూటర్లు పెట్టిస్తారు. ఆగస్టులో ఒక కమిటీ ఈ సంగతి తేలుస్తుంది.

శశికుమార్ సార్ ఎక్కడో శిక్షణకు వెళ్లి వచ్చారు. గ్రంథాలయాన్ని మార్చే ముందు అందులో కూర్చునేవాళ్లను అడగాలని, అడిగినదానికంటే ఎక్కువ గమనించాలని అక్కడ నేర్పారట. మా క్లాసుకొచ్చి "ఈ పనిలో సాయం చేసేవాళ్లు..." అనగానే నేను చెయ్యెత్తాను. సార్ వాక్యం పూర్తి చేశారు: "సర్టిఫికెట్ ఉండదు, హాజరు ఉండదు." చుట్టూ చూస్తే ఎత్తిన చెయ్యి నాదొక్కటే. పక్కన కూర్చున్న హేమావతి దాన్ని కిందికి లాగడానికి చూసింది కానీ అప్పటికే సార్ నా పేరు రాసుకున్నారు. హేమావతిది విడపనకల్లు. రోజూ బస్సులో వచ్చిపోతుంది.

పద్నాలుగు ప్రశ్నల కాగితం తయారు చేశాం. మొదటిది: "మీరు గ్రంథాలయానికి ఎందుకు వస్తారు?" తాతా, మన ఊరికి సర్వేలకు వచ్చినవాళ్లందరికీ నువ్వు జవాబులు చెప్పావు కదా. మనుషులు నిజం చెప్పాలంటే ఎలా అడగాలి?

నీ జవాబు కోసం చూస్తూ,
పద్మప్రియ


16 జూలై 2024

పద్మప్రియకు, తాత తిప్పేస్వామి అరుగు మీద కూర్చుని రాస్తున్నాడు.

నీ ఉత్తరం ఐదు రోజులకు చేరింది. రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి మీ అవ్వకు వినిపించినాను. ఆమె అడిగింది ఒక్కటే, ఆ తిరగని ఫ్యాన్ కింద నువ్వు కూర్చోవడం లేదు కదా అని.

గ్రంథాలయాలకు కూడా కరువు వస్తుందని నాకు తెలియదు. కమిటీ వస్తుందన్నావు. ఎన్ని కార్లు? ఒక్క కారులో వస్తే వినడానికి వచ్చినట్టు. మూడు కార్లలో వస్తే భోజనం సిద్ధం చేసుకోవాలి. ఏదైనా సరే, హాలు ఎంత ఎండిపోయినట్టు కనపడితే అంత సాయం వస్తుంది. ఐదు ఫ్యాన్లు తిరుగుతున్నాయని కాగితం మీద పెట్టవద్దు. రెండు అని రాయి.

ఇక నీ ప్రశ్న. నా వయసులో నన్ను పదకొండు బృందాలు అడిగినాయి. అందరూ జీపు ఆగిన చోటే ఆగి, రోడ్డు పక్క మడినే చూసి, రోడ్డు పక్క మనిషినే అడిగినారు. జనం ఏం చేస్తారంటే, అడిగేవాడు ఏమి ఇవ్వడానికి వచ్చినాడో చూసి దానికి తగ్గట్టు చెప్తారు. బోరు మంజూరు చేసేవాడు వస్తే చుక్క నీళ్లు లేవంటాం. బ్యాంకు వాడు వస్తే పంట బంగారం అంటాం. మడి మాత్రం ఒకటే. అబద్ధమని మాకు అనిపించదు. వచ్చినవాడికి మర్యాద చేసినట్టే ఉంటుంది.

అందుకని వాళ్లు చెప్పింది రాసుకుని, ఇంటి వెనక్కు పోయి చూడు. ముందర అందరం ఊడ్చి పెడతాం.

ఇక్కడ రెండు రోజులు వాన పడింది. శనక్కాయ విత్తినాం. మూడో వాన గురించి ఇప్పుడే ఏమీ రాయను.

మీ అవ్వ ఆశీస్సులతో కలిపి,
తాత


అనంతపురం,
24 జూలై 2024

తాతా,

కమిటీ కారులో రాదు. ప్రిన్సిపాల్ గది నుంచి నడిచి వస్తుంది. ముగ్గురే. ఇంకో సంగతి దయచేసి గుర్తుపెట్టుకో: ఇక్కడ ఎండిపోయినట్టు కనపడితే సాయం రాదు, కంప్యూటర్లు వస్తాయి. హాలు పచ్చగా కనపడాలి.

నూటపన్నెండు మంది కాగితాలు నింపి ఇచ్చారు. ఎందుకు వస్తారన్న ప్రశ్నకు నూటతొమ్మిది మంది "జ్ఞాన సముపార్జన కోసం" అని రాశారు. సముపార్జన అన్న మాట చూసి మొదట చాలా సంతోషించాను. ముప్ఫయ్యో కాగితం దగ్గర అనుమానం వచ్చింది. మొదటి బెంచీ వాళ్లు రాసింది చివరి బెంచీ దాకా పోయింది. మిగిలిన ముగ్గురిలో ఒకరు "మంచినీళ్లు" అని, ఒకరు "అవును" అని రాశారు. ఒకడు తన ఫోన్ నెంబరు రాశాడు.

నువ్వు చెప్పినట్టే ఇంటి వెనక్కు పోయాను. అంటే నల్లమ్మ దగ్గరికి. ఆమె గ్రంథాలయంలో ఊడ్చే మనిషి. నేను కాగితాలు పట్టుకుని నిలబడితే నవ్వింది.

"ఎందుకొస్తాండారో కాగితం మీద రాసిచ్చినారా? నన్నడగొచ్చు కదమ్మా. దినామూ నేనే కదా ఊడ్చేది."

చేటలో చూపించింది. శనక్కాయ పొట్టు, తల పిన్నులు, చిత్రాన్నం మెతుకులు, పెన్సిల్ చెక్కిన పొట్టు, ఒక కాలి పట్టీ కొక్కెం. "చదివేటోళ్లు ముందర హాల్లో కూచుంటారు. ఈడికి వచ్చేటోళ్లకు ఇది ఇల్లు మాదిరి," అంది. నూటపన్నెండు కాగితాల్లో లేనిది ఒక చేటలో ఉంది. ఇది శశికుమార్ సార్‌కు చెప్తే "చేట" అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

తర్వాత నాలుగు రోజులు పొద్దున ఏడున్నర నుంచి వెనక హాల్లో మూలన కూర్చుని గమనించాను. ఎవరూ వాడటం లేదన్నది తప్పు. సగటున ముప్ఫై ఎనిమిది మంది ఉంటారు. అందులో ముప్ఫై ఒక్కరు ఆడపిల్లలు, ఉరవకొండ వైపు బస్సుల్లో వచ్చేవాళ్లు. తెల్లవారుజామునే లేచి వస్తారు కాబట్టి వచ్చీరాగానే బల్ల మీద తల పెట్టి నిద్రపోతారు. తర్వాత సొంత నోట్సులు చదువుకుంటారు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుతారు. ఒకమ్మాయి కానిస్టేబుల్ పరీక్షకు జిరాక్స్ కాగితాలు చదువుతుంది. ఇంకొకమ్మాయి జాకెట్లకు హుక్కులు కుడుతుంది. నాలుగు రోజుల్లో గ్రంథాలయం పుస్తకాలు కనపడినవి రెండు. ఒకదాన్ని నిజంగానే చదువుతున్నారు. రెండోది హేమావతి తల కింద ఉంది.

హేమావతి ఒక కన్ను తెరిచి, "ఏంమే, ఇది కూడా రాసుకుంటాండావా?" అంది.

"రాయాలి."

"ఏమని?"

"వాడుకలో ఉంది అని."

లేచి కూర్చుంది. "ఇది కూడా రాసుకో. మా బస్సు ఏడున్నరకే దింపుతాది. దాని తర్వాత బస్సుకు వస్తే మొదటి క్లాసు పోతాది. సాయంత్రం ఐదు దాకా తిరుగు బస్సు లేదు. మగపిల్లోళ్లు టీ అంగడి కాడ నిలబడతారు. మేం యాడ నిలబడాల? ఈ హాలు ఉండాదని చెప్పినందుకే మా నాయన నన్ను ఈ కాలేజీకి పంపినాడు. దీన్ని మూసినారంటే, బిడ్డ బస్టాండులో కూచుంటాదంట అని మర్నాడే మానిపిస్తాడు."

తాతా, సమస్య ఏమిటంటే కమిటీ ఇచ్చిన లెక్క కాగితంలో ఒక్కటే గడి ఉంది: "గ్రంథాలయ పుస్తకం చేతిలో ఉన్నదా?" ఉన్నది, లేదు. అంతే. ఆగస్టు 5 నుంచి మూడు రోజులు నేనే లెక్కపెట్టాలి, కమిటీ వచ్చి చూస్తుంది. నిజం రాస్తే ముప్ఫై ఎనిమిదికి రెండు. హాలు పోతుంది, హేమావతి చదువు పోతుంది.

ఆ మూడు రోజులూ అందరి చేతికీ తలా ఒక పుస్తకం ఇస్తే? చూడటానికి వచ్చేవాళ్లకు కొంచెం బాగా చూపించడం తప్పా? వెంటనే రాయి.

ఆదుర్దాగా (ఇది కూడా ఈ వారం మాటే),
పద్మప్రియ


30 జూలై 2024

పద్మప్రియకు,

వెంటనే రాయమన్నావు కాబట్టి అన్నం తినకముందే రాస్తున్నాను. పగలంతా గ్రంథాలయంలోనే ఉంటున్నావు కదా, అందుకని ఈ ఉత్తరం హాస్టల్‌కు కాకుండా నేరుగా అక్కడికే పంపుతున్నాను. తొందరగా అందుతుంది.

పుస్తకాలు పంచవద్దు. ఎందుకో చెప్తాను. ఇది మీ అమ్మకు కూడా నేను చెప్పలేదు.

పద్దెనిమిదేండ్ల కింద మన ఊరికి పంటల బీమా కొత్త. పంటకోత ప్రయోగం అని ఒక పద్ధతి ఉంది. ఊర్లో నాలుగు మడులు చీటీ తీసినట్టు ఎంచుకుంటారు. ఒక్కో మడిలో ఐదు మీటర్ల చదరం కొలిచి, మూలల్లో గూటాలు కొట్టి, తాడు కట్టి పోతారు. కోత రోజు వచ్చి ఆ తాడు లోపల కాసిన కాయలు తూకం వేస్తారు. ఆ నాలుగు తూకాలే ఊరి పంట. అవి తక్కువ వస్తే ఊరందరికీ బీమా వస్తుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు వాన లేదు. చెట్ల ఆకులు చెవుల్లాగా ముడుచుకున్నాయి. ఒక గూటం మన మడిలో పడింది. పరీక్ష పెడతారు, బాగా కాస్తే ఊరికి పేరొస్తుంది అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. సోమప్ప నాయన బతికుండగా తాను కాదనేవాడు, నేనేమో నేను కాదంటాను.

"తిప్పేస్వామీ, మన ఊరి పరువు నీ మడిలో ఉండాది" అన్నారు. ఊరంతా నీళ్లు మోసినాం. తాగడానికి టాంకరు వస్తే ఇంటికొక బిందె ఆ తాడు లోపల పోసినాం. మీ అవ్వ రెండు పోసింది. నెల రోజులు. తాడు బయట మడి తెల్లగా ఎండిపోయింది. తాడు లోపల ఐదు మీటర్లు మాత్రం పచ్చగా నిగనిగలాడింది. మిగతా మూడు మడులవాళ్లు చూసి వాళ్లూ పోసినారు.

కోత రోజు ఆఫీసరు వచ్చి తూకం చూసి, "శభాష్ పెద్దాయనా" అని నా భుజం మీద శాలువా కప్పినాడు. అందరం చప్పట్లు కొట్టినాం.

ఊరికి బీమా రాలేదు. పంట బాగా పండినట్టు లెక్క తేలింది. ఆ ఏడు మన ఊరి నుంచి అరవై కుటుంబాలు పనికి బెంగళూరు పోయినాయి. బిందెలు మోసింది అందరూ. మడి నాది కాబట్టి నాతోనే మాట్లాడలేదు, ఒక ఏడాది.

అందుకని, ఎండిన మడిని ఎండినట్టే చూపించు. పచ్చగా ఉన్నది ఏదో అది చూపించు. నీ హాల్లో పచ్చగా ఉన్నది పుస్తకాలు కాదని నీకే తెలుసు కదా.

ఇప్పుడు అన్నం తింటాను.
తాత


అనంతపురం,
8 ఆగస్టు 2024

తాతా,

నీ ఉత్తరం రాలేదు. నువ్వు వద్దనుకుంటే వెంటనే రాసేవాడివి కదా, రాయలేదంటే సరేనన్నట్టే అని నేను, హేమావతి నిర్ణయించుకున్నాం.

లెక్క అద్భుతంగా జరిగింది. మూడు రోజులూ పొద్దున్నే ముందు హాల్లోంచి పుస్తకాలు తెచ్చి బల్లల మీద పంచాం. నలభై ఆరు మంది, నలభై ఆరు పుస్తకాలు. మొదటి రోజు అందరూ సన్నటి పుస్తకాలే ఏరుకున్నారు. కమిటీ వాళ్లకు దూరం నుంచి కనపడవని రెండో రోజు లావువి ఇచ్చాను. హేమావతికి భూగర్భ జలాల మీద ఒకటి ఇస్తే, "ఇంత బరువు పెట్టుకుని నిద్ర వస్తాదా ఎవురికన్నా" అని తిట్టింది కానీ పట్టుకుంది. ఉరవకొండ నుంచి వచ్చే ఒకమ్మాయికి మేకల జబ్బుల పుస్తకం వచ్చింది. వాళ్లింట్లో మేకలున్నాయట. కమిటీ వెళ్లిపోయాక కూడా చదువుతూనే ఉండి బస్సు పోగొట్టుకుంది.

కమిటీలో ఒకాయన తలుపు దగ్గర నిలబడి, "ఈ కాలంలో కూడా ఇట్లాంటి పిల్లలుండారా!" అన్నారు. శశికుమార్ సార్ నా వైపు చూసి, కాగితం వైపు చూసి, సంతకం పెట్టారు.

నూటికి నూరు శాతం, తాతా. హాలు బతికింది.

విజయగర్వంతో,
పద్మప్రియ


అనంతపురం,
17 ఆగస్టు 2024

తాతా,

నీ ఉత్తరం దొరికింది. పది రోజులకు పైగా గ్రంథాలయంలోనే ఉంది. ముందు హాల్లో, దినపత్రికల పక్కన, వారపత్రికల కింద. వెనక హాల్లో కూర్చునేవాళ్లెవరూ ఆ వారపత్రికలు ముట్టరు. నేను కూడా ముట్టలేదు. ఇది కూడా నా పరిశోధనలో తేలిన విషయమే.

సోమవారం కమిటీ ఉత్తర్వు వచ్చింది. విద్యార్థులు ఇంత శ్రద్ధగా పుస్తకాలు చదివే హాలు జిల్లాలో మరొకటి ఉండదని, దీన్ని "ఆదర్శ పఠన మందిరం"గా ప్రకటిస్తున్నామని అందులో ఉంది. మందిరం అన్న మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలుపుకు నాలుగు నిబంధనలు అంటించారు. గ్రంథాలయ పుస్తకం ఉన్నవాళ్లే లోపలికి రావాలి. సంచులు, క్యారియర్లు తేకూడదు. సొంత నోట్సులు తేకూడదు. తల వాల్చకూడదు. మందిరం పదిగంటలకు తెరుస్తారు. చదివే వాతావరణం చెడకుండా ఒక మనిషిని కూడా పెట్టారు.

ఇప్పుడు హాల్లో సగటున నలుగురు ఉంటున్నారు. మేకల అమ్మాయి వాళ్లలో ఒకరు.

మిగతావాళ్లు గ్రంథాలయం మెట్ల మీద కూర్చుంటున్నారు. తొమ్మిదింటికి అక్కడ ఎండ వస్తుంది. అప్పుడు బస్టాండుకు పోతున్నారు. హేమావతి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడింది ఒక్కసారే.

"శానా బాగా చూపిస్తివి మే," అంది. "మా నాయనకు ఇంకా చెప్పలేదు. వచ్చే నెల మొదటి వారానికి బస్ పాసు అయిపోతాది. అప్పుడు అడుగుతాడు కదా, ఆ హాలు ఉండాదా అని. అప్పుడు చెప్తా."

నేనూ తాడు లోపల నీళ్లు పోశాను తాతా. పైగా నాకు శాలువా కూడా కప్పారు. నిజంగానే. అది పెట్టె అడుగున ఉంది. ఏం చేయాలో తెలియడం లేదు. ఈసారి ఉత్తరం హాస్టల్‌కే రాయి.

పద్మప్రియ


22 ఆగస్టు 2024

పద్మప్రియకు,

హాస్టల్‌కే రాస్తున్నాను. చిరునామా మీ అవ్వ రెండుసార్లు సరిచూసింది.

మేము చేసిన రెండో తప్పు నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తాను. బీమా రాలేదని తెలిసినాక ఆ ఆఫీసరు ఒకసారి ఊరికి వచ్చినాడు. రచ్చకట్ట మీద అందరం ఉన్నాం. "ఈ ఊరు ఒక్కటే ఎట్ల పండింది?" అని అడిగినాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినాడు. బిందెల సంగతి చెప్పుంటే మళ్లీ కొలిచేవాడేమో. ఎవరైనా చెప్తారని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. శాలువా నాది కాబట్టి నేను చెప్పాల్సింది. "భూమి మంచిది సార్" అన్నాను.

ఆయన రాసుకుని పోయినాడు.

నువ్వు పోయి చెప్పు. ఇంకోసారి లెక్క పెట్టించు. ఏ గంటకు లెక్క పెట్టేది నువ్వు ఎంచుకోవద్దు. చీటీలు వేసి తీయించు. ముందుగా తెలిస్తే ఎవరో ఒకరు బిందె ఎత్తుకుంటారు.

ఆ పిల్లలు నిన్ను తిడతారు. మీ బండారం బయట పెట్టిందంటారు. ఒకటి రెండు వారాలు ఒంటరిగా అన్నం తినాల్సి వస్తుంది. అది చేతనవుతుంది, నేను చూసినాను. మీ అవ్వ బస్సులో ఓళిగలు పంపుతోంది. పన్నెండు. ఒక్కదానివే తినేటట్టు లెక్క.

నువ్వు పోయి వచ్చినావని రాస్తే తప్ప నాకు ఇంకేమీ తోచదు.
తాత


అనంతపురం,
10 సెప్టెంబర్ 2024

తాతా,

పోయి వచ్చాను. ఆలస్యానికి కారణం చదివితే తెలుస్తుంది.

మొదట శశికుమార్ సార్‌కు చెప్పాను. కళ్లజోడు తీసి తుడిచారు. అది శుభ్రంగానే ఉంది.

"ఎన్ని?" అన్నారు.

"నలభై ఆరులో నలభై నాలుగు సార్."

"నాకు అనుమానం వచ్చినాది. హాలు నిలబడతాదిలే అని సంతకం పెట్టినా," అన్నారు. తర్వాత లేచి, "పద, నేనూ వస్తా" అన్నారు. ఆయన రావాల్సిన అవసరం లేదు.

ప్రిన్సిపాల్ సార్ అంతా విని, "అంటే నువ్వు అబద్ధం రాసినావా?" అని అడిగారు.

"లేదు సార్. అబద్ధాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, తర్వాత సరిగ్గానే లెక్కపెట్టినాను."

"నీది ఏ గ్రూపు?"

"తెలుగు సాహిత్యం సార్."

"అట్ల చెప్పు," అన్నారు.

తర్వాత చాలాసేపు కోప్పడ్డారు. అది రాయను. చివరికి ఒక వారం గడువిచ్చారు. ఆ వారం నిబంధనలు ఉండవు, హాలు ఏడున్నరకే తెరుస్తారు. మేము మళ్లీ లెక్క పెట్టాలి. ఈసారి తేలినదాన్ని బట్టి ఆయనే నిర్ణయిస్తారు. "పుస్తకాలు చదవని హాలు గ్రంథాలయంలో ఎందుకో నాకు అర్థమయ్యేటట్టు చూపించండి. లేకుంటే కంప్యూటర్లు పెడతా," అన్నారు.

లెక్క కాగితంలో గడులు మార్చాను. ఏ ఊరి నుంచి, ఎన్ని గంటలకు దిగారు, తిరుగు బస్సు ఎప్పుడు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఈ హాలు లేకపోతే ఎక్కడ ఉంటారు. పేర్లు రాయలేదు, కుర్చీ నెంబర్లే. గంటలన్నీ చీటీల మీద రాసి నా టిఫిన్ డబ్బాలో వేస్తే, రోజూ పొద్దున నల్లమ్మ రెండు తీసేది. తీసేముందు దేవుడికి దండం పెట్టుకునేది. అవసరం లేదని చెప్పినా వినలేదు.

పిల్లలు మెట్ల మీద నుంచి లోపలికి వచ్చారు కానీ నాతో మాట్లాడలేదు. నేను కాగితంతో బల్లల మధ్య నడుస్తుంటే హేమావతి అడిగింది, "నిద్రపోయినారని రాస్తావా?"

"రాస్తా."

"తింటాండారని?"

"రాస్తా."

"మా అందర్నీ ముంచుతావు నువ్వు," అని తల వాల్చి నిద్రపోయింది. రాసుకున్నాను. పన్నెండు ఓళిగలూ నేనే తిన్నాను. అవ్వకు చెప్పు.

బుధవారం నల్లమ్మ తీసిన రెండో చీటీ ఒకటిన్నర నుంచి రెండున్నర. నేను లెక్క మొదలుపెట్టిన పది నిమిషాలకు ప్రిన్సిపాల్ సార్ ఒక్కరే వచ్చారు. ఎవరికీ చెప్పలేదట. కొందరు క్యారియర్లు మూయబోతే, "తినండమ్మా, తినండి" అని చేత్తో సైగ చేసి, కిటికీ పక్కన పద్నాలుగో నెంబరు కుర్చీలో కూర్చున్నారు. అంతకుముందు రోజు దాకా నేను నింపిన కాగితాలు అడిగి తీసుకున్నారు. మొదటి పేజీ చదివారు. రెండోది చదివారు. "ఈ హాలు లేకపోతే ఎక్కడ ఉంటారు" అన్న గడిలో వరుసగా బస్టాండు, బస్టాండు, బస్టాండు, చదువు మానేస్తా, బస్టాండు అని ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. చదువు మానేస్తా అన్నది ఇరవై రెండో నెంబరు కుర్చీ. "ఈ కుర్చీలో ఎవరుంటారు?" అని అడిగారు. పేర్లు రాయలేదని చెప్పాను. ఆయన తల తిప్పి ఇరవై రెండు వైపు చూశారు. హేమావతి నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

ఆయన మూడో పేజీ తిప్పారు. బయట ఎండ మండిపోతోంది, లోపల ఫ్యాన్ చల్లగా తిరుగుతోంది. కాసేపటికి కాగితాలు ఆయన పొట్ట మీదికి జారాయి.

నేను ఏం చేయాలో తెలియక శశికుమార్ సార్‌ను పిలుచుకొచ్చాను. సార్ తలుపు దగ్గర నుంచి చూసి, గుసగుసగా, "గంట అయిపోయినాదా?" అన్నారు. ఇంకా లేదన్నాను. "అట్లయితే లెక్క ఆపకూడదు," అని వెళ్లిపోయారు.

ప్రిన్సిపాల్ సార్ రెండూ ఇరవైకి లేచారు. చుట్టూ చూశారు. ఎవరూ నవ్వలేదు. సగం మందికి తెలియనే తెలియదు, వాళ్లూ నిద్రలోనే ఉన్నారు.

"ఎంతసేపు?" అని నన్ను అడిగారు.

"ఇరవై ఏడు నిమిషాలు సార్."

"రాసినావా?"

"రాసినా సార్. కుర్చీ నెంబరే."

తల ఎత్తి పైకి చూశారు. "ఆ చివరి ఫ్యాను తిరగడం లేదు, బాగు చేయించమని మీ సార్‌కు చెప్పు," అని, కాగితాలన్నీ సర్ది నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

శుక్రవారం తలుపు మీది పాత కాగితం తీసేసి కొత్తది అంటించారు. హాలు పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఐదున్నర వరకు విద్యార్థులందరికీ తెరిచి ఉంటుంది. సంచులు తెచ్చుకోవచ్చు. భోజనం చేయవచ్చు, పొట్టు బుట్టలో వేయాలి. నిద్ర గురించి అందులో ఏమీ లేదు. దాని సంగతి ఏం రాయాలని శశికుమార్ సార్ అడిగితే, ప్రిన్సిపాల్ సార్ "దాని జోలికి పోవద్దప్పా" అన్నారట. కంప్యూటర్లు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.

నిన్న పొద్దున హాలుకు వెళ్తే హేమావతి నన్ను చూసి ముఖం తిప్పుకుంది కానీ, పక్క కుర్చీలోంచి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. కూర్చున్నాను. కొత్త బస్ పాసు బల్ల మీద పడేసింది. డిసెంబరు దాకా ఉంది.

తుది నివేదిక ఈ రోజు రాసి ఇచ్చాను. పదకొండు పేజీలు. పెద్ద మాటలు తక్కువే వాడాను. బుధవారం ఒకటిన్నర నుంచి రెండున్నర గంటల మధ్య, చేతిలో ఏ పుస్తకమూ లేకుండా నిద్రపోయినవాళ్లు పదిహేడు మంది. అందులో ఆడపిల్లలు పదహారు.

నీ మనవరాలు,
పద్మప్రియ